ఓడలో కుడితి బకెట్టు

సముద్రం మధ్యలో మంచినీళ్లు పారబోయడం నా ఉద్యోగం. ఇట్లా చెబితే మా మార్కాపురం వైపు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. టూరిస్టులు ఎక్కే పెద్ద ఓడలో గదులు సర్దే పని చేసి వచ్చానంటే మాత్రం కళ్లింతలు చేసుకుని వింటారు. ఆ ఓడలో స్విమ్మింగ్ పూల్స్ ఎన్ని, లిఫ్టులు ఎన్ని అని ఆరా తీస్తారు. చివరికి అందరూ ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతారు, అంత మంచి ఉద్యోగం ఎందుకు పోగొట్టుకున్నావని. ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది పుల్లలచెరువు అవతల, అడవిని ఆనుకుని ఉన్న పల్లె. మా నాయనకు జీవాలున్నాయి, అంటే గొర్రెలూ మేకలూ. ఇంత చేను కూడా ఉంది, వాన పడితే పంట, లేకపోతే లేదు. బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. నీళ్లు పడ్డచోట ఫ్లోరైడు పడుతుంది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. నా చిన్నతనమంతా బిందె పట్టుకుని లైన్లో నిలబడ్డానికే సరిపోయింది. ఆ లైన్లో నేను తిట్టని మనిషి లేదు, నన్ను తిట్టని మనిషీ లేదు. దాన్ని తప్పించుకోవాలనే హోటలు పని నేర్చుకున్నాను, హైదరాబాదులో చేశాను, అక్కడి నుంచి ఓడెక్కాను. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఆ లైనే గతి. ఓడలో ఉన్నన్నాళ్లూ ఆ భయం నన్ను వదల్లేదు.

మా ఇంట్లో నీళ్లు ఒక్కసారి వాడి వదిలేయడమనేది ఉండదు. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, చెంబు అడుగున మిగిలిన గుక్కెడు, అన్నీ కుడితి తొట్టిలోకి పోతాయి. ఆ కుడితి, పాలకుంచుకున్న బర్రెలు తాగుతాయి. చుట్టమెవరైనా తాగగా మిగిలిన నీళ్లు వాకిట్లో పారబోస్తే మా అమ్మ అప్పటికేమీ అనదు. చుట్టం పోయాక ఆ తడి వంక చూసుకుంటూ పొద్దుగూకే దాకా సణుగుతుంది. అట్లాంటి ఇంట్లో పుట్టిన నన్ను పట్టుకుని, గెస్టులు రెండు గుక్కలు తాగి వదిలేసిన సీసాలన్నీ సింకులో ఒంపమన్నారు.

ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం ఆ ఓడ అడుగునే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. షికారుకొచ్చిన వాళ్లు స్నానాలు చేయడానికి సముద్రాన్నే తియ్యగా మార్చిన మనుషులున్న ఈ లోకంలో, మా పల్లెకు ఒక పైపు వేసే మనిషి పుట్టలేదా? ఎవరిని అడగాలో తెలియక, ఆ పూట బాత్రూము గోడల్ని పెచ్చులూడేట్టు రుద్దాను.

అలవాటు ఊరుకోదు కదా. చీపుర్లూ దుప్పట్లూ పెట్టుకునే గదిలో ఒక బకెట్టు పెట్టాను. సీసాల్లో మిగిలిన నీళ్లన్నీ అందులో పోసి, వాటితోనే నేల తుడిచేదాన్ని. వంటగదిలో పనిచేసే, గిద్దలూరు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు, ఆ ఓడ మొత్తానికి నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కడే. ఒకరోజు ఆ బకెట్టు చూశాడు.

"ఏంది చెల్లీ ఇది?"

"కుడితి బకెట్టన్నా."

"కుడితా? ఓడలో బర్రెలు యాడున్నాయి?"

"పైకి పోయి చూడు. డెక్కు మీద ఎండకు పడుకోనుండాయి."

పడీ పడీ నవ్వాడు. మా సూపర్వైజరుకు మాత్రం నవ్వు రాలేదు. అంటే, ఆయన ముఖాన నవ్వు ఎప్పుడూ ఉంటుంది, అది ఉద్యోగంలో భాగం. అట్లా నవ్వుతూనే బకెట్టు ఒంపించి, ఇక్కడ నీళ్లకు కరువు లేదు, మీ ఊరి అలవాట్లు మీ ఊళ్లోనే పెట్టుకో, ఇది మొదటి హెచ్చరిక అన్నాడు. ఖాళీ బకెట్టును మూలకు బోర్లించాను.

రేవులో ఓడ ఆగితే మాకు కాసేపు కిందికి దిగే వీలుండేది. తక్కిన వాళ్లు వైఫై దొరికే కాఫీ షాపులకు పరుగెత్తేవాళ్లు. నేను నడిచేదాన్ని. కొత్త ఊరు చూడ్డమంటే నాకు ముందు అక్కడి జనం నీళ్లు ఎక్కడ పట్టుకుంటారో చూడ్డమే. ఒక ఊళ్లో గోడలోంచి ధార పడుతూ ఉంటుంది, దారిన పోయేవాళ్లు దోసిలి పట్టి తాగి పోతారు, ఎవరూ ఎవర్నీ నెట్టుకోరు. జనం అక్కడి చర్చికి ఫోటోలు తీసుకుంటుంటే నేను ఆ ధారకు తీసుకున్నాను. ఇంకో ఊళ్లో బొమ్మల నోళ్లలోంచి ఊరికే నీళ్లు చిమ్ముతుంటాయి. అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను, నాకే తెలియకుండా పళ్లు కొరుకుతున్నాను.

మా ఓడ పదే పదే ఆగే దీవి ఒకటుంది. రేవు దగ్గరంతా జ్యూసు దుకాణాలు, ఇసకలో గొడుగులు. వాటిని దాటి వెనకాల గుట్ట ఎక్కితే ప్రతి ఇంటి ముందరా నీలం డ్రమ్ములు. వీధి చివర ఒకటే కొళాయి, దాని ముందు క్యాన్లు పట్టుకున్న ఆడవాళ్లు. వాళ్ల భాష నాకు రాదు గానీ, వాళ్లు దేనికి తిట్టుకుంటున్నారో మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది. ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది ఈ లైను చూడ్డానికా అనుకున్నాను.

అక్కడ మా అమ్మ ఈడు మనిషి ఒకామె, చెమటలు కక్కుతున్న నన్ను చూసి, అప్పుడే పట్టుకున్న క్యానులోంచి గ్లాసు నింపి ఇచ్చింది. నేను అడగలేదు. ఎంతసేపు నిలబడితే ఆ క్యాను నిండుతుందో నాకు తెలుసు. ఒక్క చుక్క మిగల్చకుండా తాగి గ్లాసు ఇచ్చాను. నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి, మా బోరు నీళ్లలాగే.

మళ్లీ ఓడ ఆ దీవికి చేరిన పొద్దున, ఖాళీ అయిన గదిలో అట్టపెట్టె నిండా నీళ్ల సీసాలు కనబడ్డాయి. గెస్టులు ఏదో రేవులో కొనుక్కొచ్చి, మూత కూడా తీయకుండా వదిలేసి పోయినవి. గదిలో వదిలిన తిండీ నీళ్లూ చెత్తలోకి పోవాలని రూలు. బ్యాగులో పట్టినన్ని కుక్కుకున్నాను.

"వద్దు చెల్లీ, దిగేకాడ బ్యాగులు చూస్తారు," అన్నాడు గిద్దలూరు అన్న.

"చెత్తే కదన్నా."

"చెత్తయినా వాళ్లదే."

ఆయనన్నట్టే అయింది. దిగే దగ్గర సెక్యూరిటీ అతను బ్యాగు తెరిచాడు. నన్ను వెనక్కి తీసుకెళ్లి ఆఫీసులో నిలబెట్టారు. సూపర్వైజరు నవ్వుతూ చెప్పాడు, ఇది దొంగతనం కిందికి వస్తుంది, చేశానని ఒప్పుకుని సారీ చెప్పు, రెండో హెచ్చరికతో వదిలేస్తాం, ఉద్యోగం ఉంటుంది. లేదంటే వచ్చే రేవులో దింపి ఇంటికి పంపిస్తాం.

"చెత్తబుట్టలో పడేస్తే ఎవరివీ కాని నీళ్లు, నేను తీసుకోగానే మీవి అయిపోయాయా?" అన్నాను.

"ఒక్క మాట చాలు," అన్నాడాయన.

తలుపు దగ్గర గిద్దలూరు అన్న చేతులు జోడిస్తున్నాడు. "అనెయ్ చెల్లీ. వాళ్ల భాషలో మాటే గదా, మనకేం అంటుకుంటది?"

అంటుకుంటుంది. మా పల్లెలో నీళ్లదొంగ అనే మాటకు మించిన తిట్టు లేదు. వేరేవాళ్ల బిందె జరిపి తన బిందె పెట్టినామెను అంటారు ఆ మాట. అది పడ్డాక ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టరు, ఆ ఇంటి ఆడపిల్లలకు కూడా ఆ పేరే ఉండిపోతుంది. ఏ భాషలో అన్నా నేను నీళ్లదొంగననే ఒప్పుకున్నట్టు. ఆ మాట అనలేదు. వచ్చే రేవులో నన్ను దింపి ఇంటికి పంపించేశారు.

ఇంటికొచ్చాక ఊరంతా డొంకతిరుగుడుగా అడిగింది. నాయన అట్లా అడగలేదు. జీవాలను దొడ్లోకి తోలి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"దొంగతనమన్నారంట గదా. ఏం తీసుకున్నావు పాపా?"

"నీళ్లు నాయనా."

"ఎవురికి?"

గుట్ట మీది కొళాయి గురించీ, గ్లాసు ఇచ్చిన ఆమె గురించీ చెప్పాను.

"ఆయమ్మకు అందినాయా?"

"లేదు నాయనా. నన్ను నిలబెట్టి, నా ఎదురుగానే ఒక్కో మూతా తీసి సింకులో పోసినారు."

అంతవరకూ మా నాయన నోట నేను ఒక్క బూతు మాట వినలేదు. ఆ రోజు లేచి నిలబడి, ముఖమైనా చూడని ఆ ఓడవాళ్లను, వాళ్ల అమ్మలనూ అబ్బలనూ కలిపి తిట్టాడు. మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, వాకిట్లో నిలబడి ఆ మాటలేంది, నలుగురూ వింటారని కసిరింది.

"వింటే విననీ," అన్నాడు నాయన. "మూత గూడ తియ్యని నీళ్లంట."