గుమ్మంలో ఉల్లికాడ

నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. ఆ నోరు చూసే నన్ను ఒక కంప్యూటర్ ఆటలో నలభై మంది దళానికి నాయకుణ్ని చేశారు. కత్తులు, మంత్రాలు, మహాసర్పాలతో వేలమంది ఒకేసారి ఆడే ఆట అది. మా దళంలో ‘ఉల్లికాడ’ అని పేరు పెట్టుకున్న డాలు వీరుడొకడు ఉండేవాడు. ఆరేళ్లుగా వాణ్ని “ఒరేయ్ ఉల్లికాడా, ముందుకు పోరా” అని తిట్టని రోజు లేదు. ఎక్కడ చావమంటే అక్కడ చచ్చేవాడు. మైకులో ఎన్నడూ మాట్లాడలేదు. “సరే” అని టైపు చేసేవాడు, అంతే.

ఆ ఆదివారం సాయంత్రం కోట ముట్టడి. మూడేళ్లుగా ఆ కోట ఎదుటి దళం చేతిలో ఉంది. ఈసారీ ఓడితే మా దళం చీలిపోవడం ఖాయం. సగంమంది అప్పటికే మూటాముల్లె సర్దుకున్నారు. అందుకే అందరం మా కొరియాలో ఓడలు కట్టే ఊరు గోజెలో ఒకే గేమ్ సెంటర్లో వరసగా కూర్చుని ఆడదామని పిలిచాను. అందరికంటే ముందు ఒక నెరిసిన జుట్టాయన వచ్చాడు. ఒంటిమీద ఓడల కార్ఖానా చొక్కా, చేతిలో ఉడకబెట్టిన గుడ్ల సంచి.

“నేనే ఉల్లికాడని. హ్వాంగ్ చిల్‌బొక్ అంటారు. క్రేన్ నడుపుతాను.”

యాభై తొమ్మిదేళ్లట. మా నాన్నకంటే రెండేళ్లు పెద్ద. నాకు తల కొట్టేసినట్టయింది. నడుం సగానికి వంచాను.

“క్షమించండి పెద్దాయనా, తెలియక ఇన్నాళ్లూ...”

“గుడ్డు తిను, చల్లారిపోతుంది.”

ఐదింటికి మొదలైంది. కోట తలుపు పగలగొట్టాం. సింహాసనం ముందు నేను మూడు నిమిషాలు కదలకుండా మంత్రం చదివితే కోట మాది. అంతసేపూ గుమ్మంలో ఒకడు నిలబడి దెబ్బలు తిని చావాలి. అది ఉల్లికాడ పని. కానీ పెద్దవాళ్ల ఎదురుగా మర్యాదకి మొహం పక్కకి తిప్పుకుని సోజు సారా తాగే దేశం మాది, పెద్దాయన్ని పట్టుకుని చావమని ఎలా చెప్పను? “పెద్దాయనా, మీకు వీలైతే, కొంచెం గుమ్మం దగ్గర...” అని నసిగాను. నా నసుగుడు పూర్తయ్యేలోపే శత్రువులు లోపలికొచ్చి మంత్రం తెంచేశారు. రెండోసారీ అంతే. ముట్టడి గడువు ఇంకా ఆరు నిమిషాలే ఉంది.

పక్క కుర్చీలో ఆయన నావైపు తిరిగాడు.

“ఏంటయ్యా ఆ నసుగుడు? క్రేన్ కింద నిలబడి నాకు సైగలు చేసేవాడికి ఇరవై రెండేళ్లు. వాడు ఆపమంటే ఆపుతా, దించమంటే దించుతా. వాడు నాకు మర్యాదలు చేస్తూ కూర్చుంటే కింద మనుషులు నలిగిపోతారు.”

“అది కాదండీ...”

“రోజంతా ఎనభై మీటర్ల ఎత్తున ఒక్కణ్నే కూర్చుంటాను. దిగొచ్చాక నన్ను ఒరేయ్ అని పిలిచేవాడివి నువ్వొక్కడివే. అదీ లేకుండా చేస్తావా?”

తెరవైపు తిరిగి అరిచాను.

“ఒరేయ్ ఉల్లికాడా, గుమ్మంలో చావరా!”

సెంటరంతా చేతులాపి మావైపు చూసింది.

“అదీ మాటంటే” అన్నాడాయన. డాలెత్తి గుమ్మానికి అడ్డంగా నిలిచాడు. పదిమంది కలిసి పొడిచారు. మా దళంలో వైద్యురాలిగా ఆడే అమ్మాయి మందు మీద మందు వేస్తూనే ఉంది. ఆయన కదల్లేదు. ఆఖరి క్షణాల్లో కూలాడు. వాళ్లు ఆయన్ని దాటుకుని నా దాకా వచ్చేసరికి కోట మాదైపోయి బురుజు మీద మా జెండా లేచింది.

అందరూ కుర్చీలు తన్నేసి గంతులేశారు. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు. వైద్యురాలు తెరమీద పడున్న ఆయన వీరుణ్ని బతికించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇప్పుడే లేపకమ్మా. ఇక్కణ్నించి మన జెండా బాగా కనబడుతోంది.”