తెల్లబడ్డ పగడాలు, సుంకమ్మత్త గుట్ట

2024 జూన్‌లో సెలవు పెట్టి కంబదూరు దగ్గరున్న మా ఊరికి వచ్చాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా లక్షద్వీప్‌లో పగడపు దిబ్బల సర్వే చేస్తున్నాను. నీళ్లలో దిగి, అడుగున టేపు పరిచి, దాని కింద బతికున్న పగడం ఎంతో రాసుకోవాలి. దీన్ని ట్రాన్సెక్ట్ అంటాం. అనంతపురం మనిషికి సముద్రంలో ఏం పనని ఇప్పటికీ అడుగుతుంటారు.

ఆ ఎండాకాలం మేము కాపాడుతున్న దిబ్బ తెల్లబడింది. నీరు మరీ వేడెక్కితే పగడం తనలోనే ఉండి తిండి పెట్టే సన్నటి నాచును బయటికి తోసేస్తుంది. అదే బ్లీచింగ్. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. ఆ దిబ్బను మూసి, దాని మీద వేట మానమని జాలర్లను ఒప్పించింది నేనే. వాళ్లలో పెద్దవాడు కోయా పడవలోంచి ఒకే మాట అడిగాడు: “మూస్తే బతుకుతుందన్నావు కదమ్మా?”

ఆ రాత్రే రాజీనామా ఉత్తరం ఫోనులో రాసిపెట్టుకుని ఊరికి బయలుదేరాను.

మా నాయన చెల్లెలు సుంకమ్మత్త గొర్రెలు కాస్తుంది. నేను సరిగా తినకపోవడం రెండు రోజులు చూసి, మూడో రోజు నిలదీసింది. ఫోటోలు చూపించాను.

“యాడిదే ఇది? సున్నం కొట్టినట్లుండాదే!”

“సముద్రం లోపల అత్తా. ఎవురూ ఏటాడకుండా కాపలా పెట్టినాం. అయినా వేడికి సచ్చిపోతాండాయి.”

“కాపలా పెడితే ఎండ ఆగుతుందా యాడన్నా? లెయ్, పోదాం పా.”

ఊరి వెనక పక్కపక్కనే రెండు గుట్టలున్నాయి. ఒకదాని మీద మేత ఆపాలని కొన్నేళ్ల కిందట ఊరంతా అనుకున్నప్పుడు, గొర్రెలున్నవాళ్లలో మొదట ఒప్పుకున్నది అత్తే. కిందటేడు కరువుకు రెండూ ఒకే తీరుగా మాడిపోయాయి. నేను వచ్చిన వారమే రెండు వానలు పడ్డాయి. మేపే గుట్ట ఎర్రమట్టి కోసుకుపోయి బోడిగా ఉంది. మూసిన గుట్ట మీద ఎండిన దుబ్బుల మొదళ్లలోంచి వేలెడంత పచ్చగడ్డి లేచింది.

అత్త కూర్చుని ఒక దుబ్బును చేత్తో విప్పింది. “సూడు. ఎండకు అదీ మాడింది, ఇదీ మాడింది. ఆడ గొర్రెలు ఏర్లు గూడా పీక్కతిన్యాయి. ఈడ ఏరు మిగిలింది, ఇత్తనం మిగిలింది. మనం కాసింది దీనికే.”

“మల్లా ఎండలొస్తే?”

“మల్లా మాడుతుంది. మల్లా కాస్తాం. దీనికేనా తిండి మానింది, పిచ్చిదానా!” అంటూ కొంగుతో నా మొహం తుడిచింది.

ఉత్తరం పంపలేదు. తిరిగి వెళ్లి కోయాకు నిజం చెప్పాను. కాపలా వేడిని ఆపలేదు, నేను ఆశపెట్టింది తప్పు. కానీ చచ్చిన పగడం మీద పెరిగే వేరే రకం నాచును చేపలు మేస్తేనే కొత్త పగడం అతుక్కోగలదు. అందుకే ఆ చేపల్ని పట్టకుండా వదిలేయాలి.

“మొదటే ఇలా చెప్పుంటే నాకు కోపం వచ్చేది కాదు,” అన్నాడాయన. జాలర్లు దిబ్బను తెరవలేదు.

మరుసటేడు టేపు పక్కన గోరంత కొత్త పగడాలు కొన్ని కనిపించాయి. పాతవాటిలో చాలా వరకు తిరిగి రాలేదు. ఇప్పుడు ఏ దీవిలో జాలర్లతో కూర్చున్నా, కాపలా ఏం చేయలేదో ముందు చెబుతాను. ఏం చేయగలదో ఆ తరవాతే.