సాంచాల చప్పుడుకు ఆడిన మేకపోతు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఎనిమిది సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే వాటి నడుమ నిలబడ్డవాడికి తన గుండె ఆడుతోందో లేదో కూడా అనుమానమే. బాలమల్లు పదిహేనో ఏట మహారాష్ట్రలోని భీవండికి పోయి పన్నెండేళ్లు అక్కడి సాంచాల నడుమ నిలబడ్డాడు. తిరిగొచ్చి ముప్పయ్యేళ్లుగా ఇక్కడి సాంచాల నడుమ నిలబడుతున్నాడు. ఈలోగా పెళ్లయింది, ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లయ్యాయి, చెవులు సగానికి సగం పోయాయి. మేకపోతు రాకపోయి ఉంటే ఆయన గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ ఉండేది కాదు.

దాని పేరు కండె. నూలు చుట్టే చిన్న గొట్టాన్ని కండె అంటారు. పుట్టినప్పుడు ఇంచుమించు అంతే ఉంది. ఈనిన పూటే తల్లి చచ్చిపోతే, బాలమల్లు భార్య శంకరవ్వ దాన్ని పాలసీసాతో సహా కార్ఖానాకు తెచ్చి ఖాళీ అట్టడబ్బాలో పడుకోబెట్టింది. భర్త టైఫాయిడ్‌తో మంచాన పడ్డ రోజులవి. మనిషి లేచి తిరిగితే ఈ పిల్లను పెంచి బోనాలప్పుడు పోచమ్మకు ఇచ్చుకుంటానని మొక్కింది. మనిషి లేచి తిరిగాడు. పిల్ల కూడా లేచి తిరిగింది, సాంచాల చుట్టూ.

చిక్కంతా అక్కడే మొదలైంది. పోగు తెగి ఎనిమిదింటిలో ఒక సాంచా ఆగితే బాలమల్లుకు వినిపించదు. కండెకు తెలుస్తుంది. పోయి ఆ వేలాడే పోగును మూతితో లాగి, ఆపైన వచ్చి ఆయన లుంగీ పట్టి లాగుతుంది. ఆయన పోగు ముడేసి దానికి గుప్పెడు పుట్నాలు పెడతాడు. అన్నీ సాఫీగా నడిచే పూట సాంచాల చప్పుడుకు తగ్గట్టు ముందు కాళ్లు లేపడం, స్టూలెక్కి గుండ్రంగా తిరగడం, తల వంచి దండం పెట్టడం నేర్పాడు. అట్లా రెండేళ్లు గడిచాక బోనాలు దగ్గరపడ్డాయి, ఆయనకు ముద్ద దిగడం మానేసింది.

అప్పుడే కరీంనగర్‌లో ఓ ఫంక్షన్ హాల్లో పెంపుడు జీవాల పోటీ పెట్టారు. ఆట నేర్పిన మనిషిని ఉస్తాద్ అంటారట, మనిషీ జీవీ కలిస్తే జోడీ అట, జోడీకి ఐదు నిమిషాలట. ఉస్తాద్ అన్న మాట ఈ నేల మీద కొత్తదేమీ కాదు. సన్నాయి ఊదుకుంటూ గంగిరెద్దును తెచ్చేవాళ్లు, కోతిని ఆడించేవాళ్లు, ఎలుగు చేత తాయెత్తు కట్టించేవాళ్లు వీధివీధికీ ఉండేవాళ్లు. చట్టం వచ్చి ఎలుగులను విడిపించింది. వాటిని ఆడించిన మనుషులు ఎటు పోయారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. సరే, మన మేకపోతు దగ్గరికి వద్దాం. దాన్ని ఆ పోటీకి తీసుకుపోతానన్నాడు బాలమల్లు.

"ప్రైజ్ తెచ్చిందా, ఉంటది," అని తేల్చింది శంకరవ్వ. "తేలేదా, మొక్కు మొక్కే. నువ్వు మూతి ముడిస్తే నేనేం జెయ్య."

"మొదటి ప్రైజేనా?"

"మూడిట్ల ఏదన్న సరే. నేనేం కసాయిదాన్నా?"

ట్రాలీ ఆటోలో ముగ్గురూ కరీంనగర్ చేరారు. పేరు రాసుకునే దగ్గర, పాట ఏది పెట్టాలని అడిగారు.

"పాటెందుకు సారు," అన్నాడు బాలమల్లు. "చప్పుడు ఉండనే ఉంటది గద."

ఏం చప్పుడో వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు.

వేదిక పక్కన మెట్‌పల్లి మోయిజ్ తన పావురాల గూడు దించుకుంటున్నాడు. బాలమల్లు కండె తాడును విప్పి మళ్లీ మళ్లీ కట్టడం చూసి, "ఫికర్ జేయకు కాకా," అన్నాడు. "నా పావురాలు నిరుడు గీ హాల్లనే ఫ్యాను మీదెక్కి కూసున్నయి. సాయంత్రం దాక దిగలే. నీ మేక ఎగరదు, గంతే చాలు."

మైకులో నియమాలు చదివారు. వేదిక మీది జోడీకి బయటివాళ్లెవరూ సాయం చేయకూడదన్నది అందులో ఒకటి. ఆ సమయానికి శంకరవ్వ మూడో వరుసలో కూర్చుని టిఫిన్ డబ్బాకు కట్టిన గుడ్డ విప్పుకుంటోంది.

బాలమల్లు వంతు వచ్చింది. స్టూలు పెట్టి చిటికె వేశాడు. కండె కదల్లేదు. మళ్లీ వేశాడు. కండె చెవులు నిక్కబొడిచి అటూ ఇటూ చూసి, తిన్నగా వేదిక దిగి న్యాయనిర్ణేత అనసూర్య దగ్గరికి పోయింది. ఆమె పశువుల డాక్టరు. ఆమె చీర కొంగు కుచ్చుల్లో ఒక పోగు వేలాడుతోంది. దాన్ని మూతితో పట్టి లాగింది. తిరిగొచ్చి బాలమల్లు పంచె లాగింది. మళ్లీ డాక్టరమ్మ కొంగు, మళ్లీ పంచె. హాలు హాలంతా నవ్వింది.

బాలమల్లుకు తలాతోకా అర్థం కాలేదు. ఎందుకంటే ఆయన చెవుల్లో సాంచాలు ఎప్పుడూ ఆగవు. ఇంట్లో, బజార్లో, నిద్రలో కూడా ఎనిమిదీ నడుస్తూనే ఉంటాయి. హాల్లో చప్పుడు లేదన్న సంగతే ఆయనకు తట్టలేదు. స్టూలు ముందు ఇంత నిశ్శబ్దం కండె ఎన్నడూ ఎరగదు. సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయని, ఎక్కడో పెద్ద పోగే తెగిందని అది తన పని తాను చేస్తోంది.

మూడు నిమిషాలు పోయాయి. ఉస్తాద్ చిటికె మీద చిటికె వేస్తూనే ఉన్నాడు. మూడో వరుసలో శంకరవ్వ లేచి నిలబడింది. ముప్పయ్యేళ్లు ఆ సాంచాల పక్కన కండెలు చుట్టిన చేయి ఆమెది. టిఫిన్ మూత తీసి చెంచాతో కొట్టడం మొదలుపెట్టింది. టకటక్, టకటక్, నడుమ చిన్న తడబాటుతో సహా, అచ్చం వాళ్ల మూడో నంబరు సాంచా.

కండె పంచె వదిలేసింది. ముందు కాళ్లు లేపింది. స్టూలెక్కి గుండ్రంగా తిరిగింది, దిగింది, మళ్లీ ఎక్కింది. చివర తల వంచి దండం పెట్టేసరికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మోయిజ్ పావురాలకు మొదటి బహుమతి. మిగతా రెండింటిలోనూ కండె పేరు లేదు. శంకరవ్వ నేరుగా అనసూర్య దగ్గరికి పోయింది.

"బయటివాళ్ల సాయం ఉండొద్దని ముందే చెప్పినం గదమ్మా," అంది అనసూర్య.

"నేను బయటిదాన్నా డాక్టరమ్మా? ముప్పై ఏండ్ల సంది ఆయన పెండ్లాన్ని."

"నియమం నియమమే. మీరు మూత కొట్టకపోతే..."

"కొట్టకపోతే అది ఇంకా మీ కొంగే పీకుతుండె."

అనసూర్యకు నవ్వాగలేదు కానీ పేర్లు మారలేదు.

తిరుగు దారిలో ట్రాలీ ఆటో వెనక కండె బాలమల్లు ఒళ్లో తలపెట్టి పడుకుంది. వేములవాడ దాటాక ఆయనే నోరు తెరిచాడు.

"ప్రైజ్ రాలే."

"రాలే."

"మరి మొక్కు?"

శంకరవ్వ సొట్టపడ్డ మూతను అటూ ఇటూ తిప్పి చూసింది. "మూత కొట్టింది నేను. ప్రైజ్ పోగొట్టింది నేను. తప్పు నాదైతే మెడ దానిదా?"

"అట్లగాదే, పోచమ్మ ఏమనుకుంటది?"

"అమ్మతోని నేను మాట్లాడుకుంట. నీకెందుకు నడుమల."

బోనాల రోజున శంకరవ్వ నెత్తిన బోనం, చంకన మేకకు బదులు కోడిపుంజు. వెనకాల పసుపు రాసిన కండెను తాడు పట్టుకుని బాలమల్లు, ఏ క్షణాన ఆమె మనసు మారుతుందోనన్న గుబులుతో. గుడి ముందు డప్పులు అందుకున్నాయి. కండె చెవులు నిక్కబొడిచి విన్నది. ముందు కాళ్లు లేపింది, గిరగిరా తిరిగింది, గడప ముందు తల వంచి దండం పెట్టింది.

శంకరవ్వ గుడి లోపలికి చూసి, పక్కింటామెతో మాట్లాడినట్టు మెల్లగా అంది.

"సూసినవా తల్లీ. నేను జెప్పిన మేక గిదే."