చప్పుడు చేసే కప్పు

మా బంగారుపేట ఇంట్లో మేడమీది గదికి కప్పు మార్చాలి. మేస్త్రీ మూడు రకాల ముక్కలు తెచ్చి వరండాలో పరిచాడు. "ఇది ఏసుకోండమ్మా, వాన పడినా చప్పుడే రాదు" అన్నాడు. "చప్పుడు వచ్చేది ఏది?" అని అడిగాను. అలా అడిగినదాన్ని లోకంలో నన్నే చూసినట్టున్నాడు, మా ఆయన వంక జాలిగా చూశాడు. ఈ మహానుభావుడు పేపరు చాటునుంచి "ఆమె పుట్టింది ఊరిగాంలో లేప్పా" అన్నాడు, దాంతో అంతా తెలిసిపోవాలన్నట్టు.

ఊరిగాం గని కార్మికుల లైన్లలో మా ఇళ్ళన్నిటికీ ఇనుప రేకుల కప్పే. ఎండకు పెనం, వానకు డప్పు. మా కింద నేలంతా గని. లోతున ఎక్కడో బండ పగిలితే (ఏర్‌బ్లాస్ట్ అనేవాళ్ళు దాన్ని) ముందు మా రేకులు గడగడలాడేవి. ఆ చప్పుడు వింటే చాలు, లైనులోని ఆడవాళ్ళంతా పొయ్యిమీదిది పొయ్యిమీదే వదిలేసి గడపలోకి వచ్చి, ఎవరి మొగుడి పేరు వాళ్ళు ఒక్కసారి గట్టిగా పిలిచేవాళ్ళు. మామూలు రోజుల్లో మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని హడలిపోయే మనుషులే వీళ్ళు. రేషను షాపులో అడిగితే మా అమ్మ నన్ను ముందుకు తోసేది, చెప్పవే అని. అలాంటి అమ్మ గడపలో నిలబడి నాయన పేరు పిలుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించేది. షిఫ్టు దిగి వచ్చిన మగవాడు బూట్లు విప్పకముందే గడప బయట నిలబడి "వచ్చినాను" అనాలి. అప్పుడే ఆ పిలుపు తీరినట్టు.

పక్కింటి అత్త పిలుపు తీరలేదు. నేను రెండో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం రేకులు అదిరాయి, అందరితోపాటు ఆమె కూడా పిలిచింది, మామ రాలేదు. ఆయన పనిచేసే చోటు బండలతో మూసుకుపోయింది. మనిషిని పైకి తేలేకపోయారు. ఆమె బొట్టు తీయలేదు. ఎవరైనా అడిగితే, "వచ్చినానని చెప్పలే, పోతానని చెప్పలే. నేనెట్ల తీసేది?" అనేది. ఆ తర్వాత ఎప్పుడు రేకులు అదిరినా, లైనంతా పిలిచి ఊరుకున్నాక ఆమె గొంతు చివర్న వినబడేది.

కొన్నేళ్ళకు గనులు మూసేశారు. లోపల మనిషన్నవాడు లేడు, పిలిచే పనీ లేదు. రేకులు మాత్రం అదరడం మానలేదు. "నీళ్ళు నిండతా ఉండాయి, బండ సర్దుకుంటా ఉండాది, అంతే" అనేవాడు నాయన. మరుసటి వేసవిలో మా కప్పు మార్చే మాట వచ్చింది. తుప్పుపట్టి రేకులు జల్లెడైపోయాయి. నాయన మంచం ఏ మూలకు జరిపినా వాన వెతుక్కుంటూ వచ్చేది. గని దుమ్ము తిన్న రొమ్ము ఆయనది. ఇంకో వానాకాలం తడిస్తే దక్కడని అమ్మ భయం. పెంకులా, సిమెంటు రేకులా, కాంక్రీటు మోల్డింగా అని ఇంట్లో రోజూ పంచాయితీ. మోల్డింగుకు గోడలు ఆగవు, పెంకుల్ని కోతులు ఆగనివ్వవు. చివరికి సిమెంటు రేకులని అమ్మ తేల్చేసింది.

ఆ మాట తెలిసి అత్త వచ్చింది. ఆమె ఇంటికి అప్పటికే ఆమె తమ్ముడు సిమెంటు రేకులు వేయించి పోయాడు.

"నా ఇల్లు చెవిటిదై పోయినాది వదినా. లైనులో ఇంగ ఇనుప రేకులు మీ ఇంటికే ఉండాయి. అవీ తీసేస్తే ఆయన కదిలింది నాకెట్ల తెలిసేది?"

అమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "నీ మొగుడి కోసరం నా మొగుణ్ణి చంపుకోమంటావా?" అనేసింది. అత్త వెళ్ళిపోయింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ సంగటి దిగలేదు.

రేకులు దించిన రోజు, దించినవాటిని వాకిట్లో ఒకదానిమీద ఒకటి పేర్చారు. మిట్టమధ్యాహ్నం. పనివాళ్ళు నీడకు పోయి బువ్వ తింటున్నారు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. దొంతరలో అడుగున ఉన్న రేకు అదరడం మొదలుపెట్టింది. అదొక్కటే. పైవేవీ కదల్లేదు. గోడ అవతలనుంచి అత్త మామ పేరు పిలిచింది. రేకు టక్కున ఆగిపోయింది. బండ సర్దుకుంటోందని మాకందరికీ చెప్పే నాయన, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. మావైపు తిరిగాడు. "ఆ అడుగు రేకు అమ్మొద్దండి. పంచకు ఎయ్యండి." అమ్మ తనే వెళ్ళి అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

మిగిలిన కాలమంతా అత్త మధ్యాహ్నాలు ఆ పంచలోనే గడిపింది. చనిపోయేముందు నన్ను దగ్గరికి పిలిచింది. "మీ అమ్మ నోట పరాయి మగోడి పేరు రాదు పాపా. నువ్వు మా ఇంట్లో ఆడుకున్న బిడ్డవి, నీకు తప్పు లేదు. చప్పుడైతే నువ్వు పిలువు. పిలిచేవాళ్ళే లేకపోతే యాడికని వస్తాడు?" నాకు భయం వేసింది. ఇప్పుడు తలచుకున్నా వేస్తుంది. సరేనన్నాను.

మొన్న మేస్త్రీ గొణుక్కుంటూనే ఇనుప రేకు తెచ్చి మేడమీద పెట్టి, మనుషులతో కలిసి భోజనానికి వెళ్ళాడు. నేను కింద బియ్యం ఏరుతున్నాను. పైన రేకు గడగడలాడింది. బంగారుపేట కింద గని లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. చేట పక్కన పెట్టి, గడపలోకి వెళ్ళి, మామ పేరు గట్టిగా పిలిచాను. చప్పుడు ఆగింది. మా ఆయన పేపరు దించి, "ఎవర్ని పిలస్తా ఉండావే?" అన్నాడు.

ఇన్నేళ్ళు గడిచిపోయాయని, అత్త కూడా లేదని నాకు తెలుసు. మామకు ఎవరు చెప్పాలి?