తట్టినా పలకని పెట్టె

మంచి మైకు పెట్టెకు ఒక పరీక్ష ఉంది. దాన్ని స్పీకరుకు కలిపి, పైన వేలిగోటితో తట్టాలి. స్పీకరు నోరు మూసుకునే ఉండాలి. మైకు అందుకున్న గొంతును పెద్దది చేసి రికార్డింగు యంత్రానికి అందించడమే ఆ పెట్టె పని. తన ఒంటి చప్పుడు అందులో కలపకూడదు. ఆండర్సన్‌పేటలో మా వీధి చివరి షాపులో, ఎన్నో ఏళ్ల తర్వాత తయారైన మొదటి పెట్టె మీద ఆ షాపు పెట్టినాయన కూతురు గోటితో తట్టగానే, స్పీకరులోంచి ఇత్తడి చెంబు కిందపడ్డ మోత వచ్చింది.

"పాయె మామా," అంది ఆమె నాతో. "ఇంగ సోమవారం మళ్లీ ట్రెయినే."

ఆ మాట బరువు మా ఊళ్లో ఎవరికైనా తెలుసు. బంగారు గనులు మూతపడ్డాక సగం జనం తెల్లవారకముందే లేచి బెంగళూరు రైలెక్కుతారు, చీకటి పడ్డాక దిగుతారు. ఒకప్పుడు భూమి లోపలికి దిగి పొద్దు చూడనివాళ్లు ఇప్పుడు రైల్లో కూర్చుని పొద్దు చూడడం లేదు. ఆమె కూడా బంగారుపేట మీదుగా రోజూ వెళ్లి, బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో కరెంటు మీటర్లు బిగించేది. తండ్రి షాపు మళ్లీ తెరవాలని సెలవు పెట్టి ఈ పెట్టె చేసింది. బెంగళూరులో స్టూడియో నడిపే ఒకాయన ఆదివారం వచ్చి వింటానన్నాడు. నచ్చితే మరికొన్ని చేయిస్తాడు, ఆమె రైలు మానేస్తుంది. నచ్చకపోతే షట్టరు దించి మళ్లీ మీటర్ల దగ్గరికే.

ఆమె తండ్రి గనుల ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాడు. లోపల నీళ్లు తోడే పంపు ఆగితే పని ఆగిపోతుంది, అందుకని ఆ చేతులకు తీరిక ఉండేది కాదు. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక అవే చేతులతో, వెంట్రుకంత సన్నని రాగితీగతో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు. వాటికి పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు జతచేసి, రేకు పెట్టెలో బిగించి, స్టూడియోలకు ఇచ్చేవాడు. పై దేశాల సామాను మనలాంటివాళ్లకు అందని కాలం అది. అందువల్ల మద్రాసులో, బెంగళూరులో, ఇంకా ఎక్కడెక్కడో, మోటార్లు చుట్టేవాళ్లు, రేడియోలు బాగుచేసేవాళ్లే స్టూడియో యంత్రాలూ తయారుచేశారు. చర్చి పాటలు, నాటకాలు, ఎన్నికల ప్రసంగాలు వాటి గుండానే క్యాసెట్లకెక్కాయి. దేవుడు లేడనీ, కులం మనుషుల కల్పన అనీ నేను సభల్లో చేసిన వాదాలు కూడా ఆయన పెట్టె గుండానే టేపుకెక్కాయి. ఆయన నికార్సయిన కాథలిక్కు. టేపు తిప్పుతూ, "నీ మాట నాకు పట్టదప్పా, నీ గొంతు మాత్రం బాగా పడతాది" అనేవాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆ పెట్టెలు పాతసామాన్ల బండ్లెక్కాయి. గనులు మూతపడ్డాయి, కొన్నేళ్లకు ఆయనా పోయాడు. ఇప్పుడేమో అవే స్టూడియోల కొత్త తరం వాళ్లు పాత ఇనుము అంగళ్లలో ఆ పెట్టెల్ని వెతుకుతున్నారు. కంప్యూటరులో గొంతు మరీ కడిగేసినట్టు ఉందట. పై దేశాల్లో అయితే అలాంటి యంత్రాలు చేసి మూతపడిన కంపెనీలను మళ్లీ లేపుతున్నారనీ, పాత సర్క్యూటు బొమ్మలు ముందు పెట్టుకుని మళ్లీ అవే చేస్తున్నారనీ, వాటికి చరిత్రలు రాస్తున్నారనీ విన్నాను. మా ఊరి గురించి ఎవరు రాసినా బంగారం గురించే రాస్తారు. ఎంత లోతు తవ్వారు, ఎంత తీశారు, దొరలు ఏ క్లబ్బులో తాగారు, అంతవరకే. ఇక్కడి మనుషులు ఒకరికోసం తవ్వడమే కాక తమకు తాముగా ఏదైనా తయారుచేశారా అని అడిగినవాడు లేడు. ఆ కోపంతోనే, అమ్మాయి షాపు తెరుస్తానన్న రోజున పిలవకుండానే వెళ్లి స్టూలు వేసుకుని కూర్చున్నాను. వైరు ఒలవడం తప్ప నాకు మరో పని రాదు. అదే చేశాను.

మోత ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమె వెతికింది. వాల్వులు మార్చింది, తగ్గలేదు. పెన్సిలు మొనతో ఒక్కో భాగాన్నీ తడుతూ పోతే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దొరికిపోయింది. చుట్టిన తీగ లోలోపల అదురుతోంది. అలా అదరకూడదనే కదా ఆమె తండ్రి ఆ తీగచుట్టను, అంటే కాయిల్‌ను, కరిగిన మైనంలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి తీసేవాడు. ఆమె కూడా అలాగే చేసింది. బంగారుపేట అంగట్లో కొవ్వొత్తులు కొని కరిగించి ముంచింది.

సరిగ్గా అప్పుడే ఆమె మేనత్త గడప ఎక్కింది. చర్చిలో బలిపీఠం మీది కొవ్వొత్తులు చూసుకునేది ఆవిడే. నాకంటే పెద్దది. నన్ను పేరుపెట్టి ఏనాడూ పిలవలేదు.

"మోగక ఏం చేస్తాది? మీ నాయన పీఠం మీద వెలిగిన ముక్కలే కరిగించేవాడు. నేనే ఏరి ఇస్తా ఉంటిని. ఫాదరు ప్రార్థన చేసిన మైనం అది. నువ్వు అంగట్లో మైనం తెచ్చి పోసినావు."

నేను ఊరుకోలేకపోయాను. "అక్కా, రాగి తీగకు ప్రార్థన వినిపిస్తాదా?"

"నీకు వినిపించలేదు కదప్పా దేవుడు లేనోడా. దానికన్నా వినిపించనీ."

"వినిపిస్తే మంచిదే. చూద్దాం పా. నీ ముక్కలు తే, ఇప్పుడే ముంచుదాం. మోత ఆగితే రేపు నేను మీ చర్చి గుడికొస్తా."

"వచ్చి ముందు బెంచీలో కూర్చోవాల. వెనక నిలబడి నవ్వేది కాదు."

"అత్తా, మామా," అంది అమ్మాయి, సోల్డరింగు కడ్డీ కింద పెట్టకుండానే. "మీలో ఎవురు గెలిస్తే నాకేం? ఇది నోరు మూసుకోవాల. అంతే."

పెద్దావిడ వెళ్లి గుడ్డలో మూటగట్టి ముక్కలు తెచ్చింది. కరిగించారు, కొత్తగా చుట్టిన కాయిల్‌ను ముంచారు, ఆరనిచ్చి బిగించారు. అమ్మాయి గోటితో తట్టింది. స్పీకరులో చెంబు మళ్లీ కిందపడింది.

మేనత్త ముఖం వాడిపోయింది. "ప్రభువా," అంది మెల్లగా. నేను స్టూలు మీంచి లేచాను. సభల్లో ఎదుటివాడి వాదం కూలినప్పుడు లేచే అలవాటు నాది.

"మామా, అప్పుడే గెలిచినోడి మొగం పెట్టొద్దు. పెట్టె ఇంకా మోగతానే ఉండాది."

కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజం. ప్రార్థన కారణం కాదని తేలినంత మాత్రాన అసలు కారణం తెలిసిపోదు. తండ్రి పెట్టెలు మోగలేదన్నది కళ్లముందున్న వాస్తవం. దానికి జవాబు చెప్పలేని హేతువాదం సగంలో ఆగిన వాదమే. "మీ నాయన చుట్టిన కాయిల్ ఒకటి విప్పుదాం," అన్నాను.

చెడిపోయిన పాత పెట్టె ఒకటి అటక మీద ఉంది. దాని కాయిల్ తీసి కొత్తదాని పక్కన పెట్టింది. తేడా కంటికే కనిపించింది. కొత్త మైనం తెల్లగా ఉంది. ఆరేటప్పుడు ముడుచుకుని సన్నగా బీటలిచ్చింది, ఆ సందుల్లోనే తీగ అదురుతోంది. పాతది పసుపుపచ్చగా, అన్నేళ్ల తర్వాత కూడా గోరు దిగేంత మెత్తగా, తీగను అంటిపెట్టుకునే ఉంది. పెద్దావిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తేనెతుట్టె వాసన," అంది. "అప్పుడు కొవ్వొత్తులు మనమే పోస్తా ఉంటిమి గదా. పీఠం మీద వెలిగేదాంట్లో తేనెమైనం కలవాల్సిందే అని పాత ఫాదర్లు పట్టుబట్టేవాళ్లు. బూదికోట నుంచి ముద్దలు వస్తా ఉండె. గుడి వెనక అండాలో కరిగించి పోస్తా ఉంటిమి. ఇప్పుడు యాడుండారు పోసేవాళ్లు? అందరూ ట్రెయిన్లో ఉండారు. ఫాదరు అంగట్లోనే తెప్పిస్తాడు."

గుడి ఆచారం కారణం తప్పు చెప్పింది, వస్తువును మాత్రం భద్రంగా మోసుకొచ్చింది. ఆచారాన్ని మొత్తంగా నెత్తిన పెట్టుకున్నవాడికీ, మొత్తంగా పారేసినవాడికీ ఆ వస్తువు దొరకదు. ఒక్కొక్కటిగా విడదీసి తట్టి చూసినవాడికే దొరుకుతుంది. మర్నాడు పొద్దున్నే బూదికోట బస్సెక్కాను. పెద్దావిడ నా పక్క సీట్లో కూర్చుంది. మైనం విషయంలో నన్ను నమ్మనంది.

కోట గుట్ట కింద మామిడితోటలో ఒక రైతు దొరికాడు. బండల్లో పట్టిన తేనె తీస్తాడని ఊళ్లో చెప్పారు.

"తేనె అయిపోయె సార్. స్వల్ప ముందుగా వచ్చుంటే ఇచ్చుందును."

"తేనె వద్దప్పా. పిండేసిన తుట్టె కావాల."

"తేనె వద్దు, పిప్పి కావాలనే వాళ్లను ఇప్పుడే చూస్తా ఉండా!"

అరుగు మీద రాగులు చెరుగుతున్న వాళ్లమ్మ చేట ఆపింది. "మా కాలంలో బొట్టు నిలవడానికి నుదుటి మీద రాసుకుంటిమి ఆ మైనం. మీరు దేనికి రాస్తారు?"

"మైకుకమ్మా," అన్నాను.

"మైకుకు బొట్టా!" అని ఆమె చేట ఒళ్లో పెట్టుకుని నవ్వింది. అయినా తనే లేచి, మూలనున్న తుట్టెల పిప్పి ఉడికించి, గుడ్డలో వడగట్టి, పసుపుపచ్చని ముద్ద చేసి ఇచ్చింది.

బస్సు దిగగానే పెద్దావిడ ముద్ద పట్టుకుని గుడివైపు తిరిగింది. నేను దారికడ్డంగా నిలబడ్డాను. "ప్రార్థన చేయిస్తే మళ్లీ ప్రార్థన వల్లే అంటావు."

"చేయించకపోతే మళ్లీ మోగితే?"

షాపు ముందు ఇద్దరం అరుచుకుంటుంటే అమ్మాయి వచ్చి ముద్దను కత్తితో రెండుగా కోసింది. సగం అత్త చేతిలో పెట్టింది. "పో, ప్రార్థన చేయించుకొని రా." మిగతా సగం పొయ్యి దగ్గర పెట్టింది. పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు ఉంటాయి, లోపలికి వచ్చే గొంతుకు ఒకటి, బయటికి పోయేదానికి ఒకటి. రెండు ముక్కలనూ ఒకే పాళ్లలో మామూలు మైనంతో కలిపి, వేర్వేరు గిన్నెల్లో కరిగించి, ఒక్కో కాయిల్‌ను ఒక్కో గిన్నెలో ముంచింది. ఏది ఎక్కడ బిగించిందో మా ఇద్దరికీ చెప్పలేదు.

గోటితో తట్టింది. స్పీకరు పలకలేదు. గట్టిగా తట్టింది. పలకలేదు.

"చూసినావా, నాది మోగలేదు," అంది పెద్దావిడ.

"నాదీ మోగలేదు," అన్నాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక స్టూడియో ఆయన వచ్చాడు. కూర్చోకముందే అడిగాడు: "మీ నాన్నగారు గని బంగారంతో తీగ చుట్టేవారటగా? ఆ ధ్వనికి అదే కారణమని మా వాళ్లందరూ చెప్పుకుంటారు. పెట్టె మీద ఆ మాట వేద్దాం. ఎగబడి కొంటారు."

నేను నోరు తెరిచాను. ఆమె నాకంటే ముందే మాట్లాడింది.

"బంగారం లేదు సార్. రాగి తీగ. బూదికోట తేనెమైనం. లేనిది రాసేదైతే పెట్టె ఇచ్చేది లేదు."

ఆయన పెట్టెవైపు చూశాడు. ఆమె చేతులు ఒళ్లో గట్టిగా బిగించుకుంది, చూపు మాత్రం దించలేదు. ఆ రైలు, ఆ మీటర్లు అన్నీ మాకు ఎదురుగా నిలబడ్డాయి. ఆయన లేచి, పెట్టె దగ్గరికి పోయి, గోటితో తట్టాడు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని మళ్లీ తట్టాడు. తర్వాత మైకు ముందు ఎవరైనా పాడమన్నాడు. పెద్దావిడ ఈస్టరుకు ముందు ఉపవాసాల లెంతు కాలంలో పాడే పాట ఎత్తుకుంది. ఆమె గొంతులో వయసు, ఊపిరి తీసుకునే చోటు, చివరి మాట మీద వచ్చే వణుకు, అన్నీ స్పీకరులో ఉన్నదున్నట్టే వినిపించాయి. పాట అయ్యాక కూడా ఆయన హెడ్‌ఫోను తీయలేదు.

"ఇలాంటివి ఇంకా చేయండమ్మా," అన్నాడు తర్వాత. "పెట్టె మీద ఏం రాస్తారు మరి?"

"మా నాయన రాసిందే. ఆండర్సన్‌పేట."

సోమవారం పొద్దున బండి కూత వినిపించేసరికి షాపు షట్టరు సగం ఎత్తి ఉంది. వీధిలో టిఫిను సంచులతో జనం స్టేషనువైపు పరుగెడుతున్నారు. అమ్మాయి పొయ్యి మీద గిన్నె పెట్టి మైనం కలుపుతోంది. పెద్దావిడ నాకంటే ముందే వచ్చి నా స్టూలు మీద కూర్చుంది.

"గొంతు ముందు పోయేది నా కాయిల్‌లోకే అప్పా. నిన్న నా పాట అట్ల వచ్చిందంటే ఇంగ దేనివల్ల?"

"నాదే ముందు ఉంటే? అడుగు, చెప్పనీ."

"చెప్పను," అంది అమ్మాయి. "ఇద్దురూ పక్కకు జరగండి. మైనం కాగింది."