బటన్లకు బొట్టు పెట్టిన దసరా

కొంప ముంచడానికి కొందరికి బలగం కావాలి, కొందరికి తెలివి కావాలి. నాకు కుడిచేతి ఉంగరం వేలు ఒక్కటే సరిపోయింది. అది కూడా గంధం, కుంకుమ అద్దిన వేలు. నాలుగేళ్ల కిందటి సంగతి. అప్పుడు నాకు అరవై ఒకటి. ఇంకా బుద్ధి తెలియని వయసే అనుకోండి.

హిందూపురంలో మాది బోర్డుల అంగడి. అక్షరం ముక్క రాకుండానే నేను ఇరవై ఏళ్లు బోర్డులు రాశానంటే మీరు నమ్మరు. గిరాకీకి వచ్చినవాళ్లు కాగితం మీద రాసిచ్చింది చూసి, నెమలిని చూసి నెమలి బొమ్మ వేసినట్టు వేసేసేవాణ్ని. ఒకసారి పెనుకొండ నుంచి సరోజమ్మ టీచరు బడికి బోర్డు రాయించుకోవడానికి వచ్చి, "ఏమి రాసినావో చదువు ఓబులేసూ" అంది. నేను గబగబా కుంచె కడగడం మొదలుపెట్టాను. ఆమెకు అర్థమైపోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆదివారం ఆదివారం పెనుకొండ బస్సెక్కి, నలభై దాటిన వయసులో ఆమె దగ్గర చదవడం నేర్చుకున్నాను. తిట్లు తిన్నాను, పలక పగలగొట్టాను, మళ్లీ తిట్లు తిన్నాను.

ఆ టీచరమ్మ ఉద్యోగం అయిపోయాక తన ఇంటి వసారాలోనే పిల్లలకు చదువు చెప్పాలనుకుంది. విజయదశమి రోజు పదకొండు గంటలకు ముహూర్తం. బోర్డు నేనే చేసి తెస్తానని మాట ఇచ్చాను. ఆమె చేసిన మేలుకు నేను బదులుగా ఇవ్వగలిగింది అదొక్కటే.

ఇప్పుడు కుంచె మూలన పడింది. నా కోడలు శోభ కంప్యూటరులో అక్షరాలు తీర్చి పంపిస్తే, పక్కనున్న కటింగ్ మిషన్ స్టిక్కర్ షీటును ఆ ఆకారంలో కోస్తుంది. దశమికి ముందు రోజు ఆయుధపూజ. నిచ్చెనకు, కత్తెరకు, సుత్తికి బొట్లు పెట్టి మిషన్ దగ్గరికి వచ్చాను.

"స్విచ్చి వెయ్యమ్మా."

"ఎందుకు మామా? ఈపొద్దు కోసేది ఏమీ లేదు గదా."

"ఆరిపోయిన మిషన్‌కు పూజ చేస్తే, నిద్రపోయేవాని నెత్తిన అక్షింతలు చల్లినట్టు. మేలుకోనీ!"

శోభ స్విచ్చి వేసి గుగ్గిళ్లు చూసుకోవడానికి లోపలికి పోయింది. మిషన్ నెత్తిన ఒక్క బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. నా భక్తి అంతటితో ఆగుతుందా? ముందర వరసగా బటన్లు కనిపించాయి. ఒకదానికి పెట్టి ఇంకొకదానికి పెట్టకపోతే పక్షపాతం కదా! రాలిపోకుండా గట్టిగా నొక్కి నొక్కి అన్నిటికీ పెట్టాను. నొక్కినప్పుడల్లా మిషన్ 'కీ' మంది. చిన్న తెర మీద ఇంగ్లీషు ముక్కలు చకచకా మారాయి. దీవిస్తోందనుకున్నాను. నిజం చెబుతున్నాను, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

తెల్లవారి ఆరు గంటలకు శోభ 'సరోజమ్మ గారి చదువుల ఇల్లు' అని తీర్చి మిషన్‌కు పంపింది. మిషన్ ఒక్కసారి ఉలిక్కిపడి, షీటు ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా ఒక గీత కోసి, నడుమ నాలుగు సున్నాలు చుట్టి, మళ్లీ వెనక్కి పరుగెత్తింది. నూనెలో విరిగిపోయిన మురుకుల మాదిరి ఉంది ఆ రాత.

"ఇదేంది మామా, తేళ్లు పారినట్టుండాది?"

"నీ కంప్యూటరులో ఏదో తప్పుండాది. చూసుకో."

"తెర మీద చక్కగా ఉండాయి గదా అక్షరాలు! రాత్రి ఎవురన్నా మిషన్ ముట్టుకున్యారా?"

"పూజలో ఉన్న మిషన్‌ను ఎవురు ముట్టుకుంటారమ్మా?" అన్నాను. గమనించండి, ఇది అబద్ధం కాదు. నేను చేసింది ముట్టుకోవడమని నాకే తోచలేదు.

బ్లేడు మార్చాను. మురుకులే. శోభ కంప్యూటరు ఆర్పి మళ్లీ వేసింది. మురుకులే. శోభ వేరే కేబుల్ వెదకడానికి లోపలికి పోగానే నాకు దిష్టి గుర్తొచ్చింది. మిషన్ చుట్టూ నిమ్మకాయ తిప్పి, పాత బొట్లు ఎండిపోయాయి కాబట్టి, అన్ని బటన్లకూ మళ్లీ కొత్త బొట్లు పెట్టాను. ఈసారి ఇంకా గట్టిగా. కొత్త కేబుల్‌తో కోయిస్తే మురుకులు కూడా రాలేదు. షీటు మొత్తం బర్రున బయటికి వచ్చి నా కాళ్ల మీద పడింది.

ఏడున్నర దాటింది. శోభ ధర్మవరంలోని రమణకు వీడియో కాల్ చేసింది. ఇలాంటి మిషన్లు బాగుచేయడంలో అతనిది గట్టి చెయ్యి.

"యిప్పుడు రాలేనక్కా. నా స్క్రూడ్రైవర్లన్నీ దేవుని గూట్లో ఉండాయి. మా అమ్మ హారతి ఇచ్చి తీసేదాకా ముట్టనీదు. యాడ, మిషన్ చూపించు."

శోభ ఫోను మిషన్ వైపు తిప్పింది. రమణ తెరకు ముఖం ఆనించి చూశాడు.

"అక్కా, మిషన్‌కు ఆటలమ్మ పోసిందా?"

"బొట్లు రమణా. మా మామ పెట్టినాడు."

"బటన్ల మీదా? పెట్టేటప్పుడు మిషన్ ఆన్‌లో ఉన్నిందా?"

శోభ మెల్లగా తల తిప్పి నావైపు చూసింది. నేను నిమ్మకాయ వైపు చూశాను.

"కంప్యూటరు ఒక వేగంతో చెప్తాండాది, మిషన్ ఇంగో వేగంతో వింటాండాది," అన్నాడు రమణ. "బటన్లు నొక్కి ఆ లెక్క మార్చేసినారు. ఓబులేసన్నా, స్క్రూడ్రైవరు కూడా లేకుండా మిషన్ చెడగొట్టినోన్ని నిన్నే చూస్తాండా!"

మా చింతపండు మార్కెట్లో వేలంపాట పాడేవాని ముందు, తెలుగు రాని చెవిటి పెద్దాయన్ని కూర్చోబెట్టి మొత్తం రాసుకోమంటే ఎట్లుంటుంది? మా మిషన్ గతి అదే. రమణ చెప్పిన వరసలో శోభ బటన్లు నొక్కింది. మధ్యలో నేను చెయ్యి చాపితే ఇద్దరూ ఒకేసారి అరిచారు, "ముట్టొద్దు!" అని. తొమ్మిదికి అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

వాటిని అంటించిన బోర్డు ఒళ్లో పెట్టుకుని శోభ బండి వెనక కూర్చున్నాను. పెనుకొండ చేరి బోర్డు తగిలించేసరికి పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ. టీచరమ్మ టెంకాయ చేతిలో పట్టుకుని బోర్డును రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకోబోతుండగా అడిగింది.

"ఇంత ఆలస్యమేమి ఓబులేసూ?"

"కరెంటు టీచరమ్మా..."

"కరెంటు కాదు, కుంకుమ," అని శోభ కథంతా విప్పింది.

టీచరమ్మ నవ్వలేదు. "నొక్కేటప్పుడు ఆ చిన్న తెర మీద ఏమి రాసుండె?"

"ఏదో ఇంగ్లీషు. నాకు తెలుగే గదా నేర్పించినావు!"

"నిజమే, తప్పు నాదే," అంది. టెంకాయ కొట్టింది. కొత్త హాజరు పట్టీ తెరిచి మొదటి వరసలో నా పేరు రాసింది. ఆ రోజు అక్షరాభ్యాసానికి వచ్చిన నాలుగేళ్ల పాప పక్కన చాప మీద నన్ను కూర్చోబెట్టి, పళ్లెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని ఇంగ్లీషు మొదటి అక్షరం దిద్దించింది. పాప వంగి నా పళ్లెంలోకి చూసి, "తాతా, నీది వంకర" అంది.

కాబట్టి చదివే పెద్దలందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును శోభ చేతికిచ్చి, ఆమె సరేనన్నాకే ఏ మిషన్‌కైనా బొట్టు పెడతాను. అది కూడా వెనక వైపు. ఈ ప్రమాణం టీచరమ్మకు చూపించాను. ఇంగ్లీషులో కూడా రాసి తెమ్మంది.