మూరెడు టేపు

మా బాబాయిని మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. నిమిషాలాయన అంటే చాలు. ఏ సినిమా గురించి అడిగినా ముందు దాని నిడివి చెప్పేవాడు, ఆ తర్వాతే కథ. బాగుంటుందా అని అడిగినవాళ్లకి నూట ముప్పై ఒక్క నిమిషం అని జవాబిచ్చేవాడు. అదేం జవాబో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అడిగినవాళ్లు మాత్రం తలూపి కేసెట్టు పట్టుకుపోయేవారు.

ఇరవై రెండేళ్లు ఆయన వీడియో కేసెట్లు అద్దెకిచ్చే కొట్టు నడిపాడు. బోర్డు మీద ఆయన పేరే ఉండేది గానీ నిజానికి సగానికి పైగా నడిపింది మా పిన్ని. మాటలు బాబాయివి, చేతులు పిన్నివి. ముందు గదిలో గోడ పొడవునా చెక్క అరలు, అడ్డంగా ఒక బల్ల. వెనక గదిలో రెండు వీసీఆర్లు, రెండు టీవీలు, కిటికీ పక్కన పిన్ని స్టూలు. మిషను టేపు నమిలేసినప్పుడల్లా ఆ కేసెట్టు స్టూలు దగ్గరికి చేరేది. పిన్ని మరలు విప్పి, నలిగినంత మేరా బ్లేడుతో కోసి, మిగిలిన రెండు కొసలనీ కలిపి వెనకవైపు సన్నటి ప్లాస్టరు ముక్క అతికించేది. ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని. నేను దగ్గరికి వెళ్తే చాలు, నాకు తుమ్ము వచ్చినా రాకపోయినా, తుమ్మకు అనేది. అతుకు ఉన్నచోట తెర మీద ఒక తెల్లచార కిందినుంచి పైకి పాకేది, బొమ్మ ఒక్క గెంతు గెంతేది. ఆ గెంతులకి మా వీధి వీధంతా అలవాటుపడిపోయింది.

ఆ కొట్టులో అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లు తిరిగింది కుర్చీ సినిమా. దానికి ఇంకేదో పొడుగాటి పేరుండేది, ఎవరూ అనేవారు కాదు. పాత నలుపు తెలుపు సినిమా. ఒక ఆఫీసులో గుమాస్తా చనిపోతాడు. ఆ సంగతి ఎవరూ గమనించరు. అతని కోటు కుర్చీకి వేలాడుతూనే ఉంటుంది కనక మనిషి ఉన్నట్టే లెక్క. ఎవరికీ ఎదురు చెప్పడు, సెలవు అడగడు, కాబట్టి కుర్చీకి ప్రమోషన్ మీద ప్రమోషన్ వస్తుంది. చివరికి చప్పట్ల మధ్య దాన్ని వేదిక మీదికి మోసుకెళ్లి ఉపన్యాసం ఇమ్మంటారు. ఆఫీసులో పనిచేసిన ప్రతి మనిషీ అది తన ఆఫీసు కథే అనుకునేవాడు.

అందులో ఒక మాట మా వీధికి ఊతపదమైపోయింది. పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చి, ఖాళీ కుర్చీ ముందు నిలబడి, "ఈయన ఎప్పుడూ ఇలా నోరు మెదపకుండానే ఉంటారా?" అని హెడ్ గుమాస్తాని అడుగుతాడు. తెల్లచార ఒకటి పైకి పాకుతుంది. హెడ్ గుమాస్తా చేతులు నలుపుకుంటూ, "అందుకేనండీ, మా అమ్మాయినిద్దామనుకుంటున్నాను" అంటాడు.

ఇక చూడాలి. మీట నొక్కినా ఫ్యాను తిరగకపోతే మా అమ్మ ఆ మాటే అనేది. పిలిస్తే పలకని పిల్లిని చూసి పోస్టుమాన్ అనేవాడు. దర్జీ భార్య, మొగుడు కుట్టుమిషను ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, అందుకేనండీ మా నాన్న నన్నిచ్చాడు అని మార్చి మరీ అనేది. దర్జీ అప్పుడూ నోరు మెదిపేవాడు కాదు.

మా బాబాయికి ఆ సినిమా అంటే ఇష్టం అనడం చాలా తక్కువ మాట. దానికి ఒక నోటుబుక్కు పెట్టాడు. సినిమా ఎన్నిసార్లు కొత్తగా బజార్లోకి వస్తే అన్నిసార్లూ తెప్పించుకుని, పాతదీ కొత్తదీ పక్కపక్క టీవీల్లో నడిపి తేడాలు రాసేవాడు. మొదటి వరస మా కొట్టు కేసెట్టుది. దాన్ని విడుదల చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇంకో కాపీ ఎక్కడా దొరకలేదు. రెండోది వేరే కంపెనీ కేసెట్టు. అందులో తెర అడుగున సబ్బుల ప్రకటన పరిగెడుతూ ఉండేది, కుర్చీ కాళ్లు కనపడేవి కావు. కుర్చీ కాళ్లు లేని కుర్చీ సినిమా ఏమిటని బాబాయి రెండు రోజులు చిటపటలాడాడు. మూడోది సీడీ, రెండు ముక్కలు. వెడల్పు టీవీలకి సరిపోవాలని పైన కోసేశారు, పొడుగు ఆఫీసరు నుదురు పోయింది. కానీ బొమ్మ ఎంత స్పష్టం అంటే, కుర్చీ ఎక్కడ పెట్టాలో గుర్తుగా నేల మీద గీసిన సుద్దగీత కూడా కనపడింది. అది చూసి బాబాయి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

నాలుగోది పోయిన ఏడాది వచ్చింది. గీతలు, మరకలు అన్నీ తుడిచి శుభ్రం చేసిన డిస్కు, దానితో చిన్న పుస్తకం. బాబాయి మొదటి అరగంట మెచ్చుకుంటూ చూశాడు. తర్వాత ముఖం మాడ్చుకున్నాడు. హెడ్ గుమాస్తా అబద్ధం చెప్పినప్పుడల్లా నెత్తిమీది ఫ్యాను కిర్రుమనాలి. శబ్దం శుభ్రం చేస్తూ ఆ కిర్రుని కూడా శుభ్రం చేసేశారు. ఎవరూ పట్టించుకోని ఆ కిర్రుని పట్టుకున్నది మా బాబాయి ఒక్కడే. ఆయన చెవి మీద ఆయనకి అంత నమ్మకం ఉండటంలో తప్పులేదు.

అసలు గొడవ కిర్రు కాదు. రెండో దాంట్లో, మూడో దాంట్లో, నాలుగో దాంట్లో కూడా ఆఫీసరు ప్రశ్నకీ ఆ జవాబుకీ మధ్య పద్నాలుగు సెకన్ల సాగతీత ఉంది. హెడ్ గుమాస్తా, పదేళ్లుగా అంతేనండీ అంటాడు. ఆఫీసరు పక్క బల్ల దగ్గరికి జరిగి, తలొంచుకుని రాసుకుంటున్న కుర్రవాణ్ని చూసి, బుద్ధిమంతుడిలా ఉన్నాడే అంటాడు. అందుకేనండీ అన్న మాట అప్పుడొస్తుంది. అంటే పిల్లనిస్తానన్నది ఆ కుర్రవాడికి, కుర్చీకి కాదు. సినిమా ప్రాణమే తీసేశారని, ఎవరో పెద్దమనిషికి కోపం వచ్చి ఉంటుందని, అందుకే తర్వాతివాళ్లు ఈ చప్పటి ముక్క తెచ్చి ఇరికించారని బాబాయి వాదన. నోటుబుక్కులో మూడు వరసల్లోనూ ఎర్రసిరాతో 'పద్నాలుగు సెకన్ల చేర్పు' అని ఉంటుంది. కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. నాకయితే లెక్కలేనన్నిసార్లు చెప్పాడు.

నేను పనిచేసేది గ్రంథాలయంలో. ఆదివారం మధ్యాహ్నాలు మా హాల్లో పాత సినిమాలు వేస్తాం. ఈ కొత్త డిస్కు వేసి, దానికి ముందు బాబాయి చేత నాలుగు విడుదలల తేడాల గురించి మాట్లాడిద్దామన్నది నా ఆలోచనే. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. సభలో కడిగేయడానికి సాక్ష్యం కావాలని, ఎవరు చెప్తే ఈ ముక్క ఇరికించారో చెప్పమని డిస్కు కంపెనీకి పెద్ద ఉత్తరం రాశాడు.

జవాబు శుక్రవారం వచ్చింది. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. కవరులో రెండు కాగితాలు. ఒకటి మర్యాదగా రాసిన నాలుగు వాక్యాలు. రెండోది షూటింగు నాటి మాటల ప్రతిలో ఒక పేజీ నకలు. బుద్ధిమంతుడిలా ఉన్నాడే అన్న మాట అందులో ఉంది. అంచున ఎవరిదో పెన్సిలు గుర్తు కూడా ఉంది. మొదటిరోజు నుంచీ ఆ పద్నాలుగు సెకన్లు సినిమాలోవే.

బాబాయి ఆ పేజీని మూడుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. మరి మన కేసెట్లో ఎందుకు లేదు అని తనలో తనే అనుకున్నాడు. వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగింది. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ టేపు నమిలింది మన మిషనేనండీ," అంది. "కోసింది నేను."

పిన్ని మెల్లగా చెప్పుకుపోయింది. కొట్టు పెట్టిన నెలకే మా నానమ్మ పోయింది. అప్పుడు బాబాయి మాట్లాడటం మానేశాడు. ఈ సంగతి నాకు తెలియదు, నేనప్పటికి నెలల పిల్లని. మాటలే బతుకుగా ఉన్న మనిషి వెనక గదిలో ఒక మూల కూర్చుని గోడ చూసేవాడట. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, పిలవకపోతే లేదు. కొట్టు పిన్ని ఒక్కతే చూసుకుంది. కుర్చీ సినిమా అప్పుడే కొత్తగా వచ్చింది, బాబాయి ఇంకా చూడలేదు. రెండో వారంలోనే మిషను దాన్ని నమిలింది.

"అతుకు సరిగ్గా పడిందో లేదో చూద్దామని పెట్టాను. ఆ మాట వచ్చింది. మీరు నవ్వారు," అంది పిన్ని. "నాలుగు నెలల తర్వాత నవ్విన మనిషికి, అది అలా కాదండీ, నేను కోశాను అని ఎలా చెప్పను?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా."

"తర్వాత మీరు ఊరందరికీ చెప్పేశారు."

ఇంకోరోజయితే ఈ మాటకి ముగ్గురం నవ్వేవాళ్లం. పిన్ని లేచి లోపలికెళ్లి గుండీల డబ్బా తెచ్చింది. అడుగున ఒక ఖాళీ దారపుకండె, దానికి చుట్టి నల్లటి టేపు ముక్క. పారేయడానికి మనసొప్పలేదంది. బాబాయి దాన్ని విప్పి, కొస మోచేతి దగ్గర పెట్టి, వేళ్ల చివరిదాకా సాగదీశాడు. సరిగ్గా అక్కడికొచ్చింది.

"మూరెడు," అన్నాడు. "అంటే, పద్నాలుగు సెకన్లు."

ఎన్ని అంగుళాల టేపుకి ఎన్ని సెకన్లో ఆయనకి నోటిలెక్క. ముప్పై ఏళ్లకి పైగా ఎర్రసిరాతో రాసుకున్న అంకె ఆయన చేతి మీదే ఉంది. ఇప్పుడైనా అతికించమంటే అతికిస్తానంది పిన్ని. ఆయన టేపుని మళ్లీ కండెకి చుట్టి డబ్బాలో పెట్టాడు.

నేను వెళ్లొస్తానంటే గుమ్మందాకా వచ్చాడు. "ఆదివారం నేను రానమ్మడూ," అన్నాడు. "కేసెట్ల కొట్టువాడికి సొంత కేసెట్లో అతుకు తెలియలేదంటే ఏం బాగుంటుంది? అక్కడొచ్చే చార అసలు సినిమాలోదే అనుకున్నాను."

నాకు కోపం వచ్చింది. ఉత్తరం రాయమని ఎవరు చెప్పారని అడిగేశాను. అడిగాక ఆయన ముఖం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఒక్క మాటని పట్టుకుని ఆ మనిషి మళ్లీ మనుషుల్లోకి వచ్చాడు. దాన్ని నేను సభ పేరుతో బజార్లో పెట్టించాను.

ఆదివారం హాల్లో నలభై కుర్చీలు వేయించాను. చాలలేదు. పాత కొట్టు సభ్యులంతా వచ్చారు, దర్జీ దంపతులు, రిటైరైన పోస్టుమాన్, మా అమ్మ. పిన్ని ఒక్కతే వచ్చి మూడో వరసలో కూర్చుంది. బాబాయి ఏడని అడిగితే, తెలియదన్నట్టు చెయ్యి తిప్పింది. నిమిషాలాయన మాట్లాడడా అని నలుగురైదుగురు అడిగారు. ఒంట్లో బాలేదని అబద్ధమాడాను. దీపాలార్పి సినిమా మొదలుపెట్టాను. పది నిమిషాలయ్యాక వెనక తలుపు తెరుచుకుంది. ఆయన లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చంకలో నోటుబుక్కుతో.

తనిఖీ ఘట్టం వచ్చింది. బొమ్మ తళతళలాడుతోంది, ఎక్కడా చార లేదు. ఆఫీసరు కుర్చీ ముందు ఆగాడు. ఈయన ఎప్పుడూ ఇలా నోరు మెదపకుండానే ఉంటారా అని అడిగాడు.

హాలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పింది. "అందుకేనండీ, మా అమ్మాయినిద్దామనుకుంటున్నాను."

దర్జీ కూడా అన్నాడు, నేను నా చెవులతో విన్నాను. తెర మీద హెడ్ గుమాస్తా పదేళ్లుగా అంతేనండీ అన్నది ఎవరికీ వినపడలేదు. పద్నాలుగు సెకన్ల తర్వాత పాపం అతను అసలు మాట అన్నాడు, అప్పటికీ నవ్వులు ఆగలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. బాబాయి నోటుబుక్కు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

సినిమా అయ్యాక అందరూ పట్టుబట్టి ఆయన్ని ముందుకి తెచ్చారు. మైకు దగ్గర నిలబడ్డాడు. నోటుబుక్కు తెరిచి నా చేతికిచ్చి, చదువు అన్నట్టు తలూపాడు. ఎర్రసిరా వాక్యాలు మూడూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. మొదటి వరసలో, మా కొట్టు కేసెట్టు వివరాల కింద, నీలం సిరాతో కొత్తగా రాసి ఉంది. సిరా రంగు చూస్తే ఆ పొద్దున్నో, ముందురోజో రాసినట్టుంది. గొంతు సవరించుకుని చదివాను.

"మొదటి విడుదల. నిడివి, అసలు సినిమా కన్నా పద్నాలుగు సెకన్లు తక్కువ. అన్నిటిలోకీ మంచి ప్రతి ఇదే. కూర్పు, మా ఆవిడ."

హాల్లో తలలన్నీ మూడో వరస వైపు తిరిగాయి. నలుగురిలో ఏమిటా గోల అని పిన్ని గొణిగింది. కొంగుతో కళ్లజోడు తుడవడం మొదలుపెట్టింది, చాలాసేపు తుడిచింది.